సంఘంలో చేరనివారు ‘ఇంటీరియర్ డిజైనర్’ అని బోర్డు పెట్టుకోకూడదా?

డిజైనర్, ఎయిర్ బైపాస్ రోడ్డు:
తిరుపతిలో ఇంటీరియర్ డిజైనర్లకు ఒక సంఘం ఏర్పడాలనీ, అందులో సభ్యులు కానివారు ఆ పేరుతో బోర్డు పెట్టుకోకుండా చూడాలనీ ప్రతిపాదిస్తున్నాను. కరకంబాడి రోడ్డులోనూ రేణిగుంట వైపూ అపార్టుమెంట్లు పెరిగేకొద్దీ, నిన్నటిదాకా ప్లైవుడ్ అమ్మినవారు కూడా ఈరోజు డిజైనర్లమని చెప్పుకుంటూ, కొలతలతో కూడిన డ్రాయింగు గాని, కరెంటు పాయింట్ల ప్లాను గాని లేకుండానే ఫోనులో ఒక త్రీడీ బొమ్మ చూపించి అడ్వాన్సు తీసుకుంటున్నారు. వారి పని చెడితే మాట పడేది మేము.

వడ్రంగి, కొర్లగుంట:
అయ్యా, ఒకరి బోర్డు తీయించే అధికారం సంఘానికి ఎక్కడినుంచి వస్తుంది? ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టం ఉన్నప్పటికీ, అది ‘ఆర్కిటెక్ట్’ అనే పేరును మాత్రమే కాపాడుతుందనీ, ఆ పని ఇతరులు చేయకుండా నిషేధించదనీ 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటీరియర్ డిజైనర్లకు ఆపాటి చట్టం కూడా లేదు. అదే 1972లో మొదలైన ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్స్’లో సైతం చేరడం, చేరకపోవడం ఎవరి ఇష్టం వారిది. డిగ్రీ లేకపోయినా ఉలి పట్టి ఎదిగినవారిని బయట నిలబెట్టడానికే ఈ సంఘమైతే దాన్ని నేను ఒప్పుకోను.

ఇంటి యజమాని, తిరుచానూరు రోడ్డు:
మీ ఇద్దరి వాదనలోనూ డబ్బు పెట్టేవారి ఊసే లేదు. మా వంటగది చేసినాయన చదువుకున్నవారే, ఒక సంఘంలో సభ్యులు కూడా. సింకు కింద నీటిని తట్టుకునే ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) మెరైన్ ప్లై వేస్తామని కొటేషన్‌లో రాసి, తేమకు మాత్రమే ఓర్చుకునే ఐఎస్ 303 ఎంఆర్ రకం వేశారు. అది ఉబ్బి తలుపులు పట్టేశాక గాని మాకు తెలియలేదు. సరుకంతా ఫలానా షాపులోనే కొనాలని పట్టుబట్టిన కారణమూ అప్పుడే అర్థమైంది. షాపు నుంచి డిజైనరుకు ముట్టే కమిషన్ ఎంతో బిల్లు మీదే రాయాలని సంఘం నియమం పెడుతుందా? పెట్టేట్లయితే బోర్డు మీద ఏ పేరున్నా నాకు అభ్యంతరం లేదు.

డిజైనర్, ఎయిర్ బైపాస్ రోడ్డు:
కమిషన్ గురించి మీరు అడిగింది న్యాయమే, కానీ దాని వెనుక ఇంకో సంగతి ఉంది. మన ఊళ్లో డిజైనుకు వేరుగా ఫీజు ఇవ్వమంటే చాలామంది ముఖం తిప్పుకుంటారు. చదరపు అడుగు రేటులోనే డ్రాయింగులు, సైటుకు తిరగడం, పనివారిని చూసుకోవడం అన్నీ కలిసిపోవాలంటారు. ఆ లోటు కమిషన్‌తో పూడుతోంది. కమిషన్ బిల్లు మీదకు రావాలంటే ఫీజు కూడా బిల్లు మీద విడిగా కనిపించాలి. ఆ షరతు మీద నేను సిద్ధమే. బోర్డుల విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

వడ్రంగి, కొర్లగుంట:
బోర్డుల సంగతి చట్టం వచ్చినప్పుడు చూద్దాం. ఈలోగా ప్లై గ్రేడు, హార్డ్‌వేర్ బ్రాండు, ఏ దశలో ఎంత చెల్లించాలన్నది రాసిన ఒకే నమూనా ఒప్పందం సభ్యులందరూ వాడితే, గొడవ జిల్లా వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లినా చేతిలో కాగితం ఉంటుంది. సభ్యత్వానికి డిగ్రీతో పాటు, చేసిన ఇళ్లను చూసి ఇచ్చే దారి కూడా ఒకటి ఉండాలి.

ఇంటి యజమాని, తిరుచానూరు రోడ్డు:
ఫిర్యాదులు వినే కమిటీలో డిజైనర్లు కానివారు కనీసం ఇద్దరుండాలని కూడా సంఘం నియమావళిలో చేర్చండి. ఫీజు విడిగా ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.