పేరు లేని ఫిర్యాదుపై విచారణ ఎలా చేస్తున్నారు?

ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, విద్యార్థులపై వివక్ష ఫిర్యాదులు చూసే సమాన అవకాశాల సెల్‌లో సభ్యుణ్ణి. 2012 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఈ సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. మాకు రెండూ ఉన్నాయి, కాగితం మీద.

హాస్టల్ మెస్‌లో సవర, కొంధు గిరిజన పిల్లల యాసను తెలుగు, ఒడియా పిల్లలు ఒక్కటై వెక్కిరిస్తారు (ఈ ఒక్క విషయంలో వాళ్లకి భాషా తగువు ఉండదు!). నోటీసు బోర్డు మీద స్కాలర్‌షిప్ జాబితాలో పేరు పక్కనే కేటగిరీ. అది అంటించిన రోజు నుంచి "కోటా బ్యాచ్" అనే పిలుపు మొదలు.

అవగాహన సదస్సు పెట్టాం, చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. ఫిర్యాదుల పెట్టెను ప్రిన్సిపాల్ గది ముందు, సరిగ్గా సీసీ కెమెరా కింద బిగించారు. ఖాళీ. గూగుల్ ఫామ్ పెడితే కాలేజీ మెయిల్‌తో లాగిన్ అడుగుతోందని ఎవరూ నింపలేదు. ఆ సెట్టింగ్ తీసేయించాక ఫిర్యాదులు వచ్చాయి, కానీ పేర్లు లేవు. పేరు లేనిదానికి విలువ లేదని కొందరు సహోద్యోగులు, అసలు కులం ఊసెత్తితేనే గొడవలని ఇంకొందరు. ఈ రెండో మాట నాకు మింగుడుపడదు. బోర్డు మీద కేటగిరీ రాసి అంటించింది కాలేజీయేగా.

ఫిర్యాదు చేసిన విద్యార్థి ఎవరో బయటపడకుండా, విచారణ కూడా నిలబడేలా మీ కాలేజీలోనో ఆఫీసులోనో ఏ పద్ధతి పనిచేసింది?