పిల్లల లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్): చిన్న ట్రూకట్ (సూది బయాప్సీ) ముక్కలో ఏ మార్కర్లు (కణం రకం చెప్పే ప్రోటీన్ రంగు పరీక్షలు) ముందు?

ప్రశ్న (పాథాలజీ పీజీ)
ఏడేళ్ల బాబు, పొట్టలో గడ్డ. ముక్క సన్నది, పది సెక్షన్లకు మించి రావు. మధ్యస్థ సైజు నీలి గుండ్రటి కణాలు, మైటోసిస్‌లు (విభజన చెందుతున్న కణాలు) బోలెడు. సీడీ20, సీడీ10 (బీ-కణాల్లో కనిపించే మార్కర్లు) పాజిటివ్, కీ-67 (ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చూపేది) దాదాపు 100 శాతం. బర్కిట్ (వేగంగా పెరిగే బీ-కణ లింఫోమా) అని రిపోర్టు ఇచ్చేయొచ్చా సార్?

జవాబు 1
అప్పుడే వద్దండీ, టీడీటీ (పక్వం కాని లింఫ్ కణాల మార్కర్) ఏది? సీడీ10 బీ-లింఫోబ్లాస్టిక్ (పక్వం కాని బీ-కణాల క్యాన్సర్)లోనూ వస్తుంది, సీడీ20 కూడా కొన్నిట్లో ఉంటుంది, కీ-67 అక్కడా ఎక్కువే. టీడీటీ మాత్రం లింఫోబ్లాస్టిక్‌లో కేంద్రకంలో పడుతుంది, బర్కిట్‌లో సాధారణంగా పడదు. సైటోప్లాజంలో మసక గోధుమ రంగు కనిపిస్తే లెక్కలోకి తీసుకోకండి. వైద్యం పూర్తిగా వేరు: బర్కిట్‌కి కొన్ని నెలల తీవ్రమైన కీమో, లింఫోబ్లాస్టిక్‌కి లుకేమియా తరహాలో దాదాపు రెండేళ్లు. ఇక్కడ పొరపడితే నష్టపోయేది ఆ బిడ్డే. టీడీటీ నెగటివ్ వస్తే బీసీఎల్6, బీసీఎల్2 వేయండి. బర్కిట్‌లో బీసీఎల్2 ఉండదు, ఉన్నా బాగా మసకే. మిక్ బ్రేక్‌అపార్ట్ ఫిష్ (మిక్ జన్యువు తెగిందేమో చూసే పరీక్ష)కి రెండు మూడు సెక్షన్లు ముందే పక్కన పెట్టండి.

జవాబు 2 (ఐహెచ్‌సీ, అంటే మార్కర్ రంగులు వేసే విభాగం టెక్నీషియన్)
మార్కర్ అడిగినప్పుడల్లా మైనపు బ్లాకును మళ్లీ మైక్రోటోమ్ (సెక్షన్లు కోసే యంత్రం)కి ఎక్కిస్తే, ముఖం సరిచేయడంలోనే సగం కణజాలం పోతుంది. ఒకే విడతలో 3 నుంచి 4 మైక్రాన్ల సెక్షన్లన్నీ ఛార్జ్‌డ్ (ముక్క ఊడిపోకుండా పట్టుకునే) స్లైడ్ల మీదికి తీసుకుని నంబర్లు వేయండి. టీడీటీకి పీహెచ్ 9 బఫర్‌లో రిట్రీవల్ (ఫార్మలిన్ కప్పేసిన ప్రోటీన్‌ను మళ్లీ బయటపెట్టడం) బాగా పనిచేస్తుంది. అదే స్లైడు మీద థైమస్ ముక్క కంట్రోల్‌గా పెట్టండి, అది రంగు పట్టకపోతే మీ నెగటివ్‌కి విలువ లేదు. ఫార్మలిన్‌లో సరిపడా సేపు ఉంచని ముక్కల మీద మార్కర్ ఫలితాలు నమ్మదగ్గవి కాకపోవచ్చు.

జవాబు 3
ఛాతీ గడ్డ అయితే సీడీ3 (టీ-కణాల మార్కర్), టీడీటీ, సీడీ1ఏతో పాటు సైటోకెరాటిన్ (ఎపిథీలియల్ కణాల మార్కర్) కూడా వేయండి. మామూలు థైమస్ కణాలకూ టీడీటీ, సీడీ1ఏ పాజిటివ్. కెరాటిన్ వల అల్లుకుని ఉంటే అది థైమస్ కావచ్చు. సీడీ99 ఒక్కటే చూసి ఈవింగ్ (ఎముక, మెత్తటి కణజాలంలో వచ్చే క్యాన్సర్) అనేయకండి, లింఫోబ్లాస్టిక్‌లోనూ వస్తుంది, పైగా అందులో సీడీ45 (తెల్ల రక్తకణాల మార్కర్) లేకపోవచ్చు.

టీనేజీ పిల్లల లింఫ్ గ్రంథిలో పెద్ద కణాలుండి సీడీ3, సీడీ20 రెండూ నెగటివ్ వచ్చినా లింఫోమా కాదనకండి. సీడీ30, ఆల్క్ వేయండి. ఆల్క్ పాజిటివ్ అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమాలో సీడీ3 తరచూ పడదు. సీడీ30తో పాటు సీడీ15, మసకగా పాక్స్5 (బీ-కణాల మార్కర్) ఉండి సీడీ45 లేకపోతే హాడ్జ్‌కిన్ లింఫోమా వైపు చూడండి.

వీలైన చోట స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే బయాప్సీ తీయమని ఆంకాలజీ వాళ్లకు చెప్పండి, తర్వాత తీస్తే చనిపోయిన కణాలే మిగలొచ్చు. ఫ్లో సైటోమెట్రీ (బతికున్న కణాల మీద మార్కర్లు చూసే పరీక్ష)కి ఇచ్చే ముక్క ఆర్‌పీఎంఐ (కణాలను బతికించి ఉంచే ద్రవం)లో వెళ్లాలి, ఫార్మలిన్ తగలకూడదు. బర్కిట్ కణాలు త్వరగా చచ్చిపోతాయి కాబట్టి ఆ రోజే పంపండి.