‘స్కిప్’ను తెలుగులో ఏమందాం: తప్పించడమా, దాటవేయడమా, వదిలేయడమా?

పైథాన్ ప్రోగ్రాములను టెస్ట్ చేసే పనిముట్టు పైటెస్ట్ వాడకం గురించి తెలుగులో రాస్తున్నాను. నెమ్మదిగా నడిచే టెస్టులను ‘స్కిప్’ చేశామనడానికి ‘తప్పించాం’ అని రాయవచ్చా?

— వద్దండీ. మనకు పరీక్ష తప్పడమంటే ఫెయిలవడం. ‘రెండు టెస్టులు తప్పాయి, ఇరవై తప్పించాం’ అని రిపోర్టులో ఉంటే చదివేవాళ్లు తికమకపడతారు. ‘ఎగ్గొట్టాం’ అంటే బడీ అప్పూ గుర్తొస్తాయి. ‘దాటవేశాం’ అంటే జవాబు చెప్పకుండా జారుకున్నట్టు. కారణం రాసి మరీ ఆపిన టెస్టుకు ఆ నింద ఎందుకు? ‘వదిలేశాం’ చాలు. అలాగే ‘టెస్ట్’ను పరీక్ష చేయకండి. పరీక్ష రాసేది విద్యార్థి, టెస్ట్ రాసేది ప్రోగ్రామర్.

— ‘వదిలేయడం’ బాగుంది కానీ, పైటెస్ట్‌లో టెస్టును నడపకుండా ఉంచడానికి రెండు వేర్వేరు దారులున్నాయి. టెస్టు మీద స్కిప్ గుర్తు పెడితే దాని పేరు జాబితాలోనే ఉంటుంది, గట్టెక్కిన టెస్టుకు చుక్క పడే చోట ‘ఎస్’ పడుతుంది, ‘-ఆర్‌ఎస్’ ఇస్తే కారణమూ కనిపిస్తుంది. అదే ‘-ఎమ్ "నాట్ స్లో"’ ఇస్తే స్లో గుర్తున్నవి జాబితాలోంచే పోతాయి, చివరి లైన్లో ‘డీసెలెక్టెడ్’ అనే లెక్క మాత్రం మిగులుతుంది. అన్నీ స్కిప్ అయినా ఎగ్జిట్ కోడ్ (ముగిశాక పైటెస్ట్ ఇచ్చే ఫలితపు అంకె) 0, సీఐ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను తనంతట తానే నడిపే వ్యవస్థ) పచ్చగానే ఉంటుంది. అన్నీ డీసెలెక్ట్ అయితే 5 వచ్చి బిల్డ్ ఆగుతుంది. కాబట్టి మొదటిది ‘వదిలేయడం’, రెండోది ‘పక్కన పెట్టడం’. రెంటికీ ఒకే మాట వాడితే ఈ తేడా పాఠకుడికి అందదు.

గుర్తు పెట్టేముందు ‘--డ్యూరేషన్స్=10’తో నడిపి చూడమని కూడా రాయండి. అది సెటప్ (ముందస్తు ఏర్పాటు), కాల్ (అసలు టెస్టు), టియర్‌డౌన్ (తర్వాత సర్దడం) సమయాలను విడివిడిగా చూపిస్తుంది. ఆలస్యమంతా సెటప్‌లో ఉండి, ఆ ఏర్పాటు చేసే ఫిక్స్చర్ సెషన్ స్కోప్‌ది (మొత్తం టెస్టులకు ఒక్కసారే తయారయ్యేది) అయితే, మొదటి టెస్టును పక్కన పెట్టి లాభం లేదు, ఆ బరువు దాన్ని వాడే తర్వాతి టెస్టు మీద పడుతుంది. ‘స్లో’ను పైటెస్ట్ డాట్ ఐఎన్‌ఐ అనే సెట్టింగుల ఫైల్లో ‘మార్కర్స్’ కింద నమోదు చేసి ‘--స్ట్రిక్ట్-మార్కర్స్’ పెట్టాలి. లేకపోతే గుర్తు స్పెల్లింగు తప్పినా ఒక హెచ్చరికతో సరి, ఆ టెస్టు రోజూ నడుస్తూనే ఉంటుంది.

— మరి, బగ్ వల్ల టెస్టు తప్పుతుందని ముందే పెట్టే గుర్తు ఎక్స్‌ఫెయిల్‌కు ‘తప్పాల్సినది’ అనవచ్చా?

— అది తప్పి తీరాలన్నట్టు వినిపిస్తుంది. ‘తప్పుతుందనుకున్నది’ అనండి. ఈ టెస్టు నడుస్తుంది. తప్పితే చిన్న ఎక్స్, అనుకోకుండా గట్టెక్కితే పెద్ద ఎక్స్. ‘స్ట్రిక్ట్=ట్రూ’ ఇస్తే ఆ గట్టెక్కడమే ఫెయిల్ కింద లెక్క, అంటే బగ్ పోయినా గుర్తు తీయలేదని వెంటనే తెలుస్తుంది. ‘రన్=ఫాల్స్’ ఇచ్చినప్పుడు మాత్రం టెస్టు అసలు నడవదు, అయినా చిన్న ఎక్సే పడుతుంది. అక్కడ ‘నడపలేదు’ అని పక్కనే రాయాలి.