ఇంజన్ ఆయిల్‌లో కూలెంట్ కలుస్తోంది, ఇంజన్ హెడ్ విప్పాలంటున్నారు. సలహా కావాలి

పెందుర్తి_డీజిల్:
అందరికీ నమస్తే అండి. నాది 2015 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటింది. ఈమధ్య ఫ్యామిలీతో అరకు వెళ్ళొచ్చాం, ఎస్.కోట దాటాక ఘాట్ అంతా ఫుల్ లోడ్ మీద ఎక్కింది కానీ టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు, తెల్ల పొగ కూడా లేదు. ఇంటికొచ్చాక చూస్తే కూలెంట్ డబ్బాలో లెవెల్ కింది గీత కన్నా దిగిపోయింది, పోసీసాను, మళ్ళీ తగ్గిపోయింది, బండి కింద మాత్రం చుక్క కారట్లేదు. నిన్న ఆయిల్ మూత తీస్తే లోపల పాలెక్కువైన కాఫీ రంగులో జిగురు పట్టుంది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీదా అదే రంగు, లెవెల్ పై గీత దాటి వచ్చీసింది, నేనేమో ఆయిల్ చుక్క పొయ్యలేదు.

దగ్గర్లో షెడ్డు మేస్త్రి డిప్‌స్టిక్ చూసి హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య సీలు) పోయింది, హెడ్ విప్పాలి, లేత్ పనితో కలిపి 40 వేలు దాటిపోద్ది అని చెప్పీసాడు. మా బావగారు లారీలు తిప్పిన మనిషి, ఆయనేమో రేడియేటర్లో పసుపు కలిపితే లీకు మూసుకుపోద్ది అంటున్నారు. అమ్మని వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి చెకప్‌కి తీసుకెళ్ళాలి, బండి బేగి తేలాలి. గాజువాక ఆటోనగర్ దాకా మెల్లిగా నడుపుకుని వెళ్ళిపోవచ్చా? నిజంగా హెడ్ విప్పాల్సిందేనా?

మర్రిపాలెం_స్పానర్:
ముందు ఒక్కటే మాట, సెల్ఫ్ కొట్టకండి. మెల్లిగా వెళ్ళినా స్పీడుగా వెళ్ళినా బేరింగులకి ఒకటే. పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్, దానికీ బేరింగ్‌కీ మధ్య ఉండే సందు మిల్లీమీటర్లో కొన్ని వందో వంతులు, ఆ సందులో నిలబడాల్సిన ఆయిల్ పొరలోకి కూలెంట్లోని నీళ్ళూ గ్లైకాలూ వచ్చాయంటే పొర నిలబడదు, మెటల్ మీద మెటల్ రాసుకుంటుంది. పైగా గ్లైకాల్ ఆయిల్‌తో కలిసి ముద్ద కట్టి, ఆయిల్ పంపు పీల్చే చోట ఉండే జల్లెడ, అంటే స్ట్రెయినర్ దగ్గర అడ్డం పడుతుంది. ఇప్పుడైతే ఖర్చు మహా అయితే హెడ్ దాకా వెళ్తుంది, ఎన్ఏడీ జంక్షన్ మీదుగా ఆ ట్రాఫిక్‌లో నడుపుకుని వెళ్తే అది క్రాంక్ దాకా పోతుంది. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూడండి, ఉంటే టోయింగ్ దాంట్లోనే వస్తుంది. రిపేరు ఖర్చు మాత్రం ఆశించకండి, అరిగి పోయిన పార్టులకి మామూలు పాలసీ ఇవ్వదు.

ఇంకోటి, ఇది చదివే మిగతావాళ్ళ కోసం. మన ఊళ్ళో సముద్రపు తేమకి, రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండికి, మూత కింద తెల్లటి నురగ రావడం మామూలే, ఇంజన్ పూర్తిగా వేడెక్కక ఆవిరి అక్కడ చేరుతుంది. డిప్‌స్టిక్ శుభ్రంగా ఉండి కూలెంట్ తగ్గకపోతే భయపడక్కర్లేదు. కానీ మీకు లెవెల్ పెరిగింది, అటు కూలెంట్ తగ్గింది, కాబట్టి ఇది తేమ కాదు.

కొమ్మాది_కుర్రాడు:
ఘాట్ ఎక్కొచ్చాకే మొదలైంది, లక్ష దాటిన డీజిల్, నా ఓటు గాస్కెట్‌కే బ్రో. ఎలాగూ విప్పాల్సిందే, టెస్టులంటూ రెండు మూడు షెడ్లు తిప్పి టైం వేస్ట్ చేసుకోకు.

ఆటోనగర్_పాతకాపు:
తమ్ముడూ, నేను డీజిల్ ఇంజన్ల పనిలోనే పెద్దవాణ్ణయ్యాను. డిప్‌స్టిక్ చూసి గాస్కెట్ అని చెప్పీడం తొందరపాటు. సంగతేటంటే, చాలా డీజిల్ బళ్ళకి ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర ఆయిల్ కూలర్ ఉంటాది. పల్చటి రేకుల మధ్య ఒక దారిలో ఆయిల్, పక్క దారిలో కూలెంట్ నడుస్తాయి. ఆ రేకు చిల్లుపడినా, సీల్ పోయినా రెండూ కలిసిపోతాయి. బండి నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 2 నుంచి 4 బార్ దాకా ఉంటే కూలెంట్ ప్రెషర్ 1 బార్ చుట్టూ ఉంటాది, కాబట్టి అప్పుడు ఆయిలే కూలెంట్లోకి పోతాది. ఇంజన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా, వేడి కూలెంట్‌కి మాత్రం ప్రెషర్ ఇంకా మిగిలుంటాది, అప్పుడు అది ఆయిల్లోకి దిగుతాది. అంచేత కూలర్ పోయిన బండికి సాధారణంగా రెండు పక్కలా మచ్చ కనపడుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ డబ్బా మూత తీసి లోపలి అంచు వేలితో తుడిచి చూడు, జిడ్డు ఉందా?

రాత్రంతా బండి కదపకుండా ఉంచి, పొద్దున్నే చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టె) డ్రైన్ బోల్టు మెల్లిగా వదులు చేసి కింద గ్లాసు పెట్టు. నీళ్ళు ఆయిల్ కన్నా బరువు, విడిగా అడుక్కి దిగుంటే ముందు అవే వస్తాయి. ఏ రంగు వచ్చిందో ఇక్కడ రాయి.

మర్రిపాలెం_స్పానర్:
అన్న చెప్పింది కరెక్ట్. ఒక్కటి కలుపుతాను. డబ్బా మూతి దగ్గర పెట్టే నీలం మందు టెస్ట్ చేసి, రంగు మారలేదు కాబట్టి గాస్కెట్ బాగుంది అనేస్తారు కొందరు. ఆ టెస్ట్ పట్టుకునేది సిలిండర్ గ్యాస్ కూలెంట్లోకి వస్తేనే. గాస్కెట్ నీళ్ళ దారికీ ఆయిల్ దారికీ మధ్య చిరిగితే పొగా రాదు, బుడగలూ రావు, ముల్లూ ఎక్కదు. అందుకే మీకు వేడెక్కకపోవడం చూసి కూలరే అని ఇప్పుడే ఫిక్స్ అవ్వకండి.

పెందుర్తి_డీజిల్:
అన్నా, చెప్పినట్టే చేశాను. బోల్టు పూర్తిగా తియ్యకముందే గులాబీ రంగు నీళ్ళు గ్లాసులో సగం దాకా వచ్చాయి, నేను పోసే కూలెంట్ రంగే అది, ఆ తర్వాత బురద లాంటి ఆయిల్ మొదలైంది, వెంటనే బిగించేశాను. డబ్బా లోపల అంచుకి నల్లటి జిడ్డు సన్నగా పట్టుంది. స్టార్ట్ చెయ్యలేదు, బండిని ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ మాట్లాడాను. షెడ్డుకి చేరాక ఏ వరసలో చెయ్యమనాలి? పసుపు సంగతి కూడా చెప్పండి, బావగారు వదలట్లేదు.

ఆటోనగర్_పాతకాపు:
జిడ్డుందంటే కూలర్ మీద అనుమానం బలపడింది. హెడ్ జోలికి వెళ్ళకుండా ముందు కూలర్ విప్పమను. ఆయిల్ దారి ఒక పక్క మూసీసి, రెండో పక్కనుంచి కంప్రెసర్ గాలి తక్కువ ప్రెషర్లో పెట్టి నీళ్ళ తొట్టెలో ముంచితే, చిల్లుంటే బుడగలు నీ కళ్ళ ముందే వస్తాయి. పక్కనే నిలబడి చూడు. చల్లగా ఉన్నప్పుడు కొన్ని చిల్లులు తెరుచుకోవు, వేణ్ణీళ్ళలో ముంచితే ఇంకా నయం. బుడగలు వస్తే కూలర్, దాని సీళ్ళూ కొత్తవి వేసీ, అక్కడితో ఆగక కూలింగ్ లైనుకి 1 బార్ గాలి పట్టించి కాసేపు వదిలెయ్యాలి. గేజి ముల్లు దిగకపోతే హెడ్ ముట్టుకోనక్కర్లేదు. దిగి, బయట ఎక్కడా కారట్లేదంటే మాత్రం హెడ్ విప్పాల్సిందే.

విప్పితే మటుకు గాస్కెట్ మార్చి మూసీడం కాదు. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో వంపు చూడాలి, లేత్‌లో ప్రెషర్ పెట్టి క్రాక్ చూడాలి, ఫేసింగ్ (హెడ్ అడుగు చదును చెయ్యడం) చెయ్యనిస్తారో లేదో ఆ ఇంజన్ మాన్యువల్ చూసే చెయ్యాలి. డీజిల్ గాస్కెట్లకి మందం తేడాలుంటాయి, పిస్టన్ ఎంత పైకి వస్తాదో కొలిచి దానికి తగ్గది తేవాలి, పాతదాని అంచున ఉన్న గాట్లో చిల్లులో లెక్కపెట్టు. సాగే రకం హెడ్ బోల్టులైతే పాతవి మళ్ళీ బిగించనివ్వకు.

పసుపు గురించి, బావగారి మాట పాత లారీ రేడియేటర్ వరకు సరే. రేడియేటర్ చిన్న చిల్లు కాసేపు మూస్తాది. నీ లీకు ఇంజన్ లోపల ఉంది, అక్కడికి వెళ్ళి అది అతకదు, కూలర్ సన్నటి దారుల్లో, హీటర్ కాయిల్లో పేరుకుపోతాది. వద్దు.

మర్రిపాలెం_స్పానర్:
రిపేరు అయ్యాక చేసే క్లీనింగ్‌లోనే చాలామంది దెబ్బ తింటారు. పాత ఆయిల్ దించి కొత్తది పోసి బండి ఇచ్చేస్తారు, గోడలకి పట్టిన ముద్ద లోపలే ఉంటుంది. చాంబర్ విప్పించి స్ట్రెయినర్ కడిగించండి, అప్పుడే క్రాంక్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ల బిగ్ ఎండ్ క్యాపులు రెండు తీసి బేరింగ్ షెల్స్ కూడా చూడమనండి, గీతలుంటే అప్పుడే మార్చడం తేలిక. తర్వాత సరైన గ్రేడ్ చవక ఆయిల్ కొత్త ఫిల్టర్‌తో పోసి, ఐడిల్‌లో వేడెక్కించి వేడి మీదే దించాలి, తెలుపు కనపడినన్ని సార్లు ఇదే రిపీట్. ఆ తర్వాత అసలు ఆయిల్, దాన్ని కూడా 500 కిలోమీటర్లకే మార్చెయ్యండి. కూలెంట్ వైపు జిడ్డు పోయేదాకా ఫ్లష్ చేయించి, ఆయిల్ తగిలి మెత్తబడిన హోసులు మార్చండి. బోరు నీళ్ళు పొయ్యనివ్వకండి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటే వాడండి.

దించిన కూలెంట్ వీధిలో పారబోయొద్దని షెడ్డులో గట్టిగా చెప్పండి. తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకి చచ్చిపోతాయి. డబ్బాలో పట్టి మూత పెట్టమనండి.

పెందుర్తి_డీజిల్:
చాలా థాంక్స్ అన్నా, ఇద్దరికీ. ఫ్లాట్‌బెడ్ వాడు బయల్దేరాడు. కూలర్ తొట్టెలో ముంచేటప్పుడు పక్కనే ఉంటాను, గేజి ముల్లు ఫొటో కూడా తీసి పెడతాను, గాస్కెట్ అని తేలినా రాస్తాను.