వేపపువ్వు, మల్లెమొగ్గ, తాబేలు పిల్లలు: విశాఖలో ఈ నెలన్నరలో ఏది ఎలా?

తూర్పు_బాల్కనీ:
ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు, తూర్పు బాల్కనీ, సముద్రం దగ్గరే. ఉక్కపోత ముదరకముందే, ఫాల్గుణం వెళ్లి చైత్రం వచ్చే ఈ రోజుల్లో మూడు పనులు అనుకున్నాం. ఉగాదికి వేపపువ్వు కొనకుండా మేమే ఏరుకోవడం, కుండీలో మల్లె పూయించడం, పిల్లలకు బీచ్‌లో తాబేలు పిల్లల్ని చూపించడం. పోయినేడు దాచిన పువ్వు నల్లబడి ముక్కవాసన వచ్చింది. మల్లేమో ఆకులు దట్టంగా వేస్తోంది, ఒక్క మొగ్గ లేదు. పైగా ఆకుల అంచులు మాడుతున్నాయి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

చేట_జల్లెడ:
పువ్వు ముక్కిందంటే చెమ్మ పూర్తిగా ఆరకుండానే సీసాకెక్కిందన్నమాట. మన ఊళ్లో మార్చి గాలిలోనే సముద్రపు తేమ ఉంటుంది, పైకి ఆరినట్టు కనిపించినా తొడిమ దగ్గర తడి మిగిలిపోతుంది.

ముందు చెట్టు సంగతి. హైవే పక్క చెట్లు వద్దు. దుమ్మూ పొగా పువ్వుకి పట్టేస్తాయి, కడిగితే పువ్వే నల్లబడుతుంది. గుడి ఆవరణలోదో, లోపలి వీధిలోదో చూసి, అడిగి, రాత్రి చెట్టు కింద పాత నేతచీర పరవండి. పొద్దున మంచు ఆరాక, ఏడున్నర ప్రాంతంలో ఎత్తుకోండి. తనంతట తాను రాలిన పువ్వు బాగా విచ్చి ఉంటుంది, పచ్చికాడ దాదాపు ఉండదు. రెమ్మ విరిచి దూస్తే కాడలు కూడా వస్తాయి, ఆ చేదు గొంతులో పట్టుకుంటుంది. పువ్వు చేదు అలా కాదు, దాని వెనకాల తేనెలాంటి వాసన ఒకటి ఉంటుంది. ఏరే కష్టమంతా ఆ వాసన కోసమే.

చేటలో చెరిగి, పళ్లెంలో పలచగా పరిచి, నీడలో ఫ్యాను కింద రెండు మూడు రోజులు ఉంచండి. రోజుకు రెండుసార్లు తిరగెయ్యాలి. మొదటి రోజే మండుటెండలో పెడితే రంగూ వాసనా రెండూ పోతాయి. వేళ్లతో నలిపితే పొడిపొడిగా రాలాలి. ఆఖర్న ఒక్క అరగంట ఎండ చూపించి, పూర్తిగా చల్లారాకే సీసాలో పొయ్యండి. వేడి మీద మూత పెడితే లోపల చెమటపట్టి బూజు వస్తుంది.

ఎండిన పువ్వు చారుకీ పొడికీ. ఉగాది పచ్చడికి మాత్రం ఆ పొద్దున ఏరిన పచ్చి పువ్వే వాడండి. నలుగురికి కొలత: కొత్త చింతపండు 30 గ్రాములు నానబెట్టి గ్లాసున్నర నీళ్లలో పిసికి వడకట్టాలి, బెల్లం తురుము 100 గ్రాములు, చిన్న మామిడికాయలో సగం సన్నటి ముక్కలు, పచ్చిమిర్చి ఒకటి, ఉప్పు చిటికెడు, పువ్వు ఒక పెద్ద చెంచా. పువ్వు నైవేద్యానికి ముందు ఆఖర్నే పడాలి. ముందే కలిపితే ఊరేకొద్దీ చేదంతా రసంలోకి దిగిపోయి, తక్కిన అయిదు రుచులూ మునిగిపోతాయి. ఏజెన్సీ (మన్యం) చింతపండు కావాలంటే గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోలో అడగండి.

చారుకైతే ఎండు పువ్వుని నెయ్యిలో సన్నసెగ మీద ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి, చారు దించాక వెయ్యాలి. మరగనివ్వకండి.

కుండీ_కత్తెర:
మల్లెకు రెండు వేర్వేరు జబ్బులున్నాయి, కలిపి చూడకండి.

మొగ్గ లేకపోవడానికి కారణం కత్తిరింపు లేకపోవడం, లేదా పేడనీళ్లు ఎక్కువవడం. నత్రజని ఎక్కువైతే మల్లె ఆకు మీదే బలమంతా పెడుతుంది. అసలు కత్తిరింపు డిసెంబరు, జనవరిలో జరగాలి, అడుగున్నర ఎత్తుకి. ఇప్పుడు అంత కిందికి కొడితే ఈ ఏడు పూత పోయినట్టే. కొమ్మ కొసలు రెండేసి అంగుళాలు తుంచి, ముదురాకులు దూసెయ్యండి. వారంపాటు నీళ్లు బాగా తగ్గించి, తర్వాత గుప్పెడు వర్మీకంపోస్టు, చెంచా కట్టెల బూడిద వేసి నిండుగా తడపండి. కొత్త చిగురు కొసనే మొగ్గ వస్తుంది, నాలుగైదు వారాలు పట్టొచ్చు. రోజుకు అయిదారు గంటలు ఎండ తగలాలి. మీ తూర్పు బాల్కనీకి మధ్యాహ్నానికే ఎండ పోతుంది కాబట్టి కుండీ రెయిలింగు దగ్గరే ఉండాలి.

అంచులు మాడటం ఉప్పు పని. సముద్రపు గాలి తెచ్చే తుంపర ఆకు మీద ఆరిపోతుంది. వారానికి రెండుసార్లు పొద్దున్నే మంచినీళ్లతో ఆకులు కడగండి. కుండీ మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తుంటే బోరు నీళ్లలోనూ ఉప్పుందని అర్థం. నెలకోసారి, అడుగు కన్నం నుంచి ధారగా కారేదాకా, మంచినీళ్లు పొయ్యండి.

మొగ్గలు ఊదారంగుకి తిరిగి, కన్నాలు పడి కనిపిస్తే పురుగు. వాటిని తుంచి పారెయ్యండి, కుండీలో వదలొద్దు. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

తడి_ఇసుక:
ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూటిలో వంద పైచిలుకు. అటవీశాఖ వాళ్లు వాటిని తీసి బీచ్‌లోనే కంచె కట్టిన హేచరీలో పూడుస్తారు. పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు. కాబట్టి మీకు మార్చి, ఏప్రిల్ సరైన సమయం. ఏ రోజు వదులుతారో ముందే ఖాయంగా చెప్పలేరు, ముందురోజు సాయంత్రం హేచరీ కాపలావాళ్లని అడగండి. మార్చి చివర్లో సూర్యోదయం ఆరింటి ప్రాంతంలో, అంతకంటే అరగంట ముందే ఇసుకలో ఉండాలి.

ఫోను లైటు, ఫ్లాషు రెండూ కట్టెయ్యండి. పిల్లలు వెలుతురు ఉన్నవైపు పాకుతాయి, లైటు చూస్తే సముద్రం వదిలి రోడ్డు వైపు తిరుగుతాయి. వాటికీ నీళ్లకీ మధ్య అడ్డంగా నడవకూడదు. ఇది చాలామందికి తట్టదు గానీ, మన అడుగు పడిన గుంట వాటికి గొయ్యే, అందులో పడితే ఎక్కలేక అలిసిపోతాయి. జాలిపడి చేత్తో తీసి నీళ్లలో వెయ్యొద్దు, ఆ పాకుడు వాటికి అవసరం. 1972 వన్యప్రాణి చట్టం కింద వీటిని పట్టుకోవడం నేరం కూడా. పిల్లలకి ఇంట్లోనే చెప్పి తీసుకురండి.

తూర్పు_బాల్కనీ:
చాలా థాంక్సండి. ఒక్క సందేహం: మొగ్గ వచ్చాక ఎప్పుడు కొయ్యాలి? చెట్టు మీదే విచ్చనివ్వాలా?

కుండీ_కత్తెర:
విచ్చాక కోస్తే పొద్దుటికి వాడిపోతుంది. మొగ్గ బాగా బొద్దుగా, ఆకుపచ్చ పూర్తిగా పోయి తెల్లగా అయ్యాక, మధ్యాహ్నం మూడు, నాలుగింటికి కొయ్యండి. తడిపి గట్టిగా పిండిన గుడ్డలో వదులుగా చుట్టి గిన్నెలో పెట్టండి, ఫ్రిజ్‌లో వద్దు. అయిదింటికి మాల కడితే రాత్రి ఎనిమిదింటికి విచ్చుకోవడం మొదలవుతుంది. పది మొగ్గలున్నా చాలు, మంచం పక్కన గిన్నెలో నీళ్లు పోసి వేసుకోవచ్చు.