పెండలం ముక్కలన్నీ ఒకేసారి ఎందుకు మొలవవు?

పెరటిదుంప: ఒకే దుంప కోసి నాటినా కొన్ని ముక్కలు నెలకే మొలుస్తాయి, కొన్ని అసలు కదలవు. ముక్క సైజు వల్లా, మట్టి వల్లా?

తీగపందిరి: దుంపలో అది ఏ భాగం అన్నదే ముఖ్యమండీ. తీగకు అంటుకుని ఉండే వైపు తల; మొలక ముందు అక్కడే వస్తుంది. నడుమ, తోక ముక్కలకు మొలక తొక్క కింద కొత్తగా పుట్టాలి, అందుకే ఆలస్యం. తల ముక్కలు ఒక వరసలో, మిగతావి వేరే వరసలో నాటండి. ముక్క 200–250 గ్రాములుండాలి, తొక్క తప్పనిసరి. ఉత్త గుజ్జు ముక్క కుళ్లిపోతుంది.

నల్లరేగడి: తవ్విన దుంప రెండు మూడు నెలలు నిద్రలో ఉంటుంది. జనవరిలో తవ్వి ఫిబ్రవరిలో నాటితే మట్టిలో ఊరికే పడి ఉంటుంది. ఏప్రిల్ దాకా గాలాడే నీడలో ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, చలికి లోపల గోధుమ రంగుకు మారి పాడవుతుంది.

తీగపందిరి: కోసిన వైపు బూడిద అద్ది, ఒకట్రెండు రోజులు నీడన ఆరనివ్వాలి. పచ్చి కోతతో తడి మట్టిలో పెడితే కుళ్లు ఖాయం. గొయ్యి మూరెడు లోతు, మూరెడు వెడల్పు. గొయ్యికీ గొయ్యికీ 90 సెంటీమీటర్లు. మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపి, పైన దిబ్బలా ఎగదోసి నాటండి. వాన నీళ్లు నిలిస్తే ఇంత పనీ వృథా. గట్టి నేలైతే గొయ్యి ఇంకా లోతు తీయాలి, లేకపోతే దుంప వంకర్లు తిరిగి చేతివేళ్లలా చీలుతుంది. తొక్క తీయడం నరకం!

పెరటిదుంప: నాటాక పైన కప్పాలా?

నల్లరేగడి: ఎండుటాకులు మందంగా వేయండి. వేసవి ఎండకు మట్టి కాగితే లేత మొలక మాడిపోతుంది. మొలిచిన రెండు వారాల్లోపు కర్రో తాడో కట్టాలి. నేల మీద పాకిన తీగకు చినుకుల చిందులతో ఆకుమచ్చ అంటుకుని ఆకులు నల్లబడతాయి, దుంప ఊరదు. చెట్టుకు పాకించేవాళ్లూ ఉన్నారు. అక్కడ శ్రమ తక్కువ, నీడ ఎక్కువైతే దుంపా తక్కువే.

పెరటిదుంప: ఎప్పుడు తవ్వాలి? తవ్వకుండా వదిలేస్తే?

తీగపందిరి: ఎనిమిది తొమ్మిది నెలలకు ఆకులు పండి తీగ ఎండుతుంది, అప్పుడు. మొదలుకు దూరంగా గునపం వేయండి. గాయమైన దుంప నిలవుండదు, ముందు దాన్నే వండుకోవాలి. వదిలేస్తే వచ్చే వానలకు మళ్లీ మొలుస్తుంది, కానీ పాత దుంప ఆ తీగకే తిండైపోయి కరిగి, పక్కన కొత్తది ఊరుతుంది. రెండేళ్లుంచితే రెట్టింపు దుంప వస్తుందనుకోవద్దు.