పదును, వాడి: చేపల కత్తి దగ్గర తేలే తేడా

ప్రశ్న: చేపలు పట్టడానికి కొత్తగా వెళ్ళేవాళ్ళ కోసం, కత్తి ఎలా ఎంచుకోవాలో చిన్న వ్యాసం రాస్తున్నాను. ఒక్క పేరాలోనే 'పదునైన కత్తి' అని నాలుగుసార్లు వచ్చింది. రెండుచోట్ల 'వాడి కత్తి' అని మార్చవచ్చా? రెండూ ఒకటేనా? అలాగే ఫిల్లెట్ నైఫ్‌ని తెలుగులో ఏమనాలి?

జవాబు: ఒకటి కాదండీ. వాడుకలో కలిసిపోయాయి గానీ, మీ వ్యాసానికి ఆ తేడా బాగా పనికొస్తుంది. కాస్త వివరంగానే రాస్తాను.

వాడి అంచుకో మొనకో ఉండే గుణం. తగిలితే తెగుతుంది, లేదా గుచ్చుకుంటుంది. వాడి బాణం, వాడి చూపు, చర్చ 'వాడిగా వేడిగా' సాగడం, అన్నీ అక్కడివే. కత్తి అంచుకి వాదర అనే చక్కటి మాట ఉంది. ఈ మధ్య ఎవరూ రాయడం లేదు. మీరు రాస్తే సంతోషిస్తాను.

పదును వేరు. వాన పడి నేల దున్నడానికి సరిపడా తడిసిందనుకోండి, నేల పదును మీద ఉందంటాం. అక్కడ కోసేదేమీ లేదు కదా. 'అదునూ పదునూ చూసి విత్తాలి' అన్నప్పుడూ అంతే. కన్నడంలో దీనికి చుట్టం హద. మన పాలు వాళ్ళకి హాలు అయినట్టే, మన పకారం అక్కడ హకారమైంది. దానికి కూడా సరైన పాకం, తగిన స్థితి అనే అర్థం. అంటే పదును అసలు అర్థం పనికి తగిన స్థితి. మట్టికైతే అది తడి, ఇనుముకైతే గట్టిదనం.

ఇనుముకి పదును పెట్టడమంటే, కత్తికి పనికొచ్చే ఉక్కుని 800 డిగ్రీల దాకానో అంతకు పైనో కాల్చి, నీళ్ళలోనో నూనెలోనో ఒక్కసారిగా ముంచడం. అప్పుడది చాలా గట్టిపడుతుంది, కానీ పెళుసుగా ఉంటుంది, కిందపడితే విరగవచ్చు. అందుకని మళ్ళీ 200 డిగ్రీల అటూ ఇటూ వేడిచేసి ఆ పెళుసుదనం తగ్గిస్తారు. ఇదంతా అయ్యాక రాయి మీద అంచు తీయడం సానపట్టడం. వాడి సాన వల్ల వస్తుంది. పదును అంతకు ముందే, కొలిమిలోనే వచ్చేసి ఉంటుంది.

కత్తి కొనేవాళ్ళకి నేను చెప్పాలనుకునేది ఇదే. కొత్త కత్తులన్నీ మొదటిరోజు వాడిగానే ఉంటాయి, కాగితాన్ని గాల్లో పట్టుకుని కోసి చూపిస్తారు. దాంతో పదును సంగతి తెలియదు. పది చేపలు కోశాక అంచు నిలబడిందా, పెద్ద ముల్లు తగిలినప్పుడు పెచ్చు ఎగిరిందా, పక్కకి మడత పడిందా అన్నదే పదును.

నా దగ్గర సన్నటి చేపల కత్తి ఒకటి ఉండేది. సానపట్టమని ఇస్తే, నిప్పురవ్వలు ఎగిరేలా చక్రానికి ఆనించి పట్టి తెచ్చారు. వాదర పొడవునా నెమలి మెడ లాంటి నీలిరంగు. అందంగానే ఉందనుకున్నాను. ఆ రోజు మొదటి చేపని వెన్నలా కోసింది, మూడో చేపకే మొద్దుబారిపోయింది. ఆ నీలిరంగు వచ్చేంత వేడికి గట్టిదనం పోతుందని తర్వాత తెలిసింది. వాడి తెచ్చుకోబోయి పదును పోగొట్టుకున్నాను. ఆ కత్తి తలుచుకుంటే ఇప్పటికీ బాధే. మీ వ్యాసంలో ఈ మాట ఒక్కటి చేర్చండి: చేపల కత్తిని తడిపిన సానరాయి మీద, మెల్లగా, చేత్తోనే పట్టాలి.

ఇక ఫిల్లెట్ నైఫ్. ముల్లు నుంచి, తోలు నుంచి కండని విడదీసే కత్తి కాబట్టి 'కండ తీసే కత్తి' అంటే ఎవరికైనా అర్థమవుతుంది. 6 నుంచి 9 అంగుళాల పొడవు, సన్నటి మొన, వంగే బ్లేడు. ఎందుకు వంగాలో పని చూస్తే తెలుస్తుంది. కండని తోలు కిందికి ఉండేలా పలక మీద పరిచి, తోక కొసని వేళ్ళతో బిగపట్టి, కత్తిని దాదాపు పడుకోబెట్టి తోలుకీ కండకీ మధ్య తోస్తాం. చెయ్యి పలక కన్నా పైన ఉంటుంది, బ్లేడు మాత్రం పలకని అంటుకుని పోవాలి. విల్లులా వంగితేనే అలా పోతుంది, బయటికి తీయగానే మళ్ళీ నిటారుగా నిలవాలి. ఎరని కోయడానికీ తాడు తెంపడానికీ ఈ కత్తి పనికిరాదు. దానికి 3, 4 అంగుళాల పొట్టి కత్తి, వంగనిది కావాలి. రెండూ 'పదునైన' కత్తులే, కానీ ఒకదాని పదును వంగడంలో, ఇంకోదాని పదును వంగకపోవడంలో ఉంది. పొలుసుకి మాత్రం వాదర వాడొద్దని రాయండి. కత్తి వెనక వైపుతో తోక నుంచి తల వైపు గీకితే చాలు.

పిడి గురించి రెండు ముక్కలు. పిడి, పిడికిలి, పిడికెడు ఒకే కుటుంబం. కాబట్టి పిడిని పిడికిలితోనే చూడాలి, అదీ తడి పిడికిలితో. చేప జిగురు అంటిన చేతిలో నున్నటి పిడి జారితే వేళ్ళు నేరుగా వాదర మీదికి వెళ్తాయి. గరుకుగా, బ్లేడు మొదట్లో వేళ్ళకి అడ్డు ఉన్న పిడి అయితే మంచిది.

'తుప్పు పట్టని స్టీలు' అని రాశారా? 'తుప్పుని తట్టుకునే' అని మార్చండి. కనీసం 10.5 శాతం క్రోమియం ఉన్న ఉక్కుని స్టెయిన్‌లెస్ అంటారు. ఆ క్రోమియం పైన కంటికి కనబడనంత సన్నటి పొర కడుతుంది. ఉప్పునీరు ఆ పొరని చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. సముద్రం నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఆరాకే ఒరలో పెట్టాలి. తడి ఒర కత్తికి చేసినంత చేటు ఇంకేదీ చేయదు.

ఇంకో వ్యాఖ్య: బాగా చెప్పారండీ. కానీ ఈ రోజుల్లో కత్తికి పదును పెట్టించమంటే అందరూ సానపట్టించడమే అనుకుంటారు కదా. వాడుకని తప్పంటామా?

జవాబు: తప్పనను. నేనూ అలాగే అంటాను. కానీ ఉక్కు గట్టిదనం గురించి రాసే పేరాలో రెంటికీ ఒకే మాట వాడితే చదివేవాళ్ళు తికమకపడతారు. అక్కడ మాత్రం విడదీయమంటున్నాను. ఇలాంటి మాటలు మరుగున పడితే ఏమవుతుందో చూడండి. 'మొక్కవోని ధైర్యం' అని పేపర్లో రోజూ చదువుతాం. మొక్కపోవడమంటే ఆయుధం వాడి తగ్గి మొద్దుబారడం. చాలామంది దాన్ని చెట్టు మొక్క అనుకుంటున్నారు. ధైర్యానికి పెట్టుకున్న పోలిక కత్తి నుంచి వచ్చిందని తెలిస్తే ఆ మాట ఎంత బాగుంటుందో!

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. ఇలా మార్చాను: 'కండ తీసే కత్తికి సాగే అలుగు ఉండాలి, వాదర సన్నగా ఉండాలి.' సరిపోతుందా?

జవాబు: వాదర చూసి ప్రాణం లేచొచ్చింది. అలుగు పాత మాటే, ఆయుధం బ్లేడుకి చెల్లుతుంది. కానీ ఇప్పటివాళ్ళకి ముందు చెరువు అలుగు గుర్తొస్తుంది, కాబట్టి బ్లేడు అనే ఉంచండి. 'సాగే' మాత్రం తీసేయండి. సాగేది రబ్బరు. కత్తి వంగుతుంది.